వడ్లకు కవచం ఉంది, పత్తికి లేదు: వాణిజ్య ఒప్పందాల ఉల్లంఘన గొడవ వెనుక లెక్కలు

ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) గీసిన హద్దు దాటామని భారతదేశం తనంత తానే రాసిచ్చిన పంట ఒకటుంది. అది వరి. 2018-19లో దేశంలో పండిన బియ్యం విలువ 4,367 కోట్ల డాలర్లు, దానికి ఇచ్చిన మద్దతు 500 కోట్ల డాలర్లు అని 2020లో ఆ సంస్థ ఉండే జెనీవాకు లెక్క పంపింది. అది పదకొండు శాతం పైమాటే. అనుమతి ఉన్నది పది శాతం. మరుసటి ఏడాది అది 13.7 శాతమైంది, ఆ పైయేడు 15 దాటింది. అయినా దీని మీద కేసు పడలేదు, జరిమానా లేదు. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హాలియా, హుజూర్‌నగర్ వైపు వడ్ల కాంటాలు ఈ కారణంగా ఆగింది లేదు.

పత్తి సంగతి అట్లా కాదు. చండూరు, మునుగోడు, దేవరకొండ నుంచి కల్వకుర్తి, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ దాకా ఎర్రచెలకల్లో పండే ఈ పంటకు మద్దతు ధర ఉంది, భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోళ్లు ఉన్నాయి. కానీ జెనీవాలో వరికి దొరికిన రక్షణ దీనికి దొరకలేదు. ఒకే రైతుకు బోరు కింద రెండెకరాల వరి, చెలకలో నాలుగెకరాల పత్తి ఉంటే, అతని రెండు పంటలూ అంతర్జాతీయ చట్టం ముందు వేర్వేరు నేల మీద నిలబడి ఉన్నాయన్నమాట. ‘ఒప్పందం ఉల్లంఘించారు’ అని ఒక దేశం మరో దేశాన్ని, ఒక పార్టీ మరో పార్టీని తిట్టుకునేటప్పుడు మాటల్లోకి రానిది ఈ తేడాయే.

ఒకే వడ్లు, రెండు లెక్కలు

డబ్ల్యూటీఓ వ్యవసాయ ఒప్పందం 1995 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మద్దతు ధర పెట్టి కొనే పంటకు సబ్సిడీ ఎంతో తేల్చడానికి అందులో ఒక సూత్రం ఉంది. ప్రభుత్వం ప్రకటించిన ధరలోంచి ఒక స్థిరమైన ఆధార ధరను తీసేస్తారు. మిగిలిన తేడాను అర్హమైన పరిమాణంతో హెచ్చిస్తారు. వచ్చిన మొత్తం పంట విలువలో పది శాతం దాటితే హద్దు దాటినట్టు. వినడానికి తేలికే. చిక్కంతా ఆధార ధర దగ్గర, పరిమాణం దగ్గర ఉంది.

ఆధార ధర 1986-88 నాటి సగటు. ఆ తర్వాత ఎరువు బస్తా, డీజిల్, కూలి ఎంత పెరిగినా అది కదలదు. భారత్ తొలినాళ్లలో బియ్యానికి చూపిన ధర టన్నుకు 3,520 రూపాయలు. తర్వాత అదే ధరను డాలర్లలో, దాదాపు 262 డాలర్లుగా చూపడం మొదలుపెట్టింది. అప్పట్లో డాలరుకు 13 రూపాయల చిల్లర కాబట్టి ఆనాటికి రెండూ ఒకటే. డాలరు 70 రూపాయలైన ఏడాదిలో మాత్రం ఒకటి కావు.

2018-19 అంకెలు పెట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. సాధారణ రకం వడ్ల మద్దతు ధర ఆ ఏడాది క్వింటాకు 1,750 రూపాయలు. క్వింటా వడ్లకు 67 కిలోల బియ్యం లెక్కన టన్ను బియ్యానికి 26,100 రూపాయల పైన పడుతుంది. డాలరు 70 రూపాయలనుకుంటే 373 డాలర్లు. అందులోంచి 262 తీసేస్తే తేడా సుమారు 110 డాలర్లు. ఆ సీజన్‌లో ప్రభుత్వ సేకరణ 4.4 కోట్ల టన్నులకు పైగా ఉంది. హెచ్చిస్తే 500 కోట్ల డాలర్లకు దగ్గరగా వస్తుంది. జెనీవాకు పంపిన అంకె పుట్టింది ఇట్లాగే.

ఇదే ఏడాదిని రూపాయల ఆధార ధరతో కడితే కథ మారిపోతుంది. 26,100లోంచి 3,520 తీసేస్తే 22,600 మిగులుతుంది. దాన్ని ప్రభుత్వం కొన్న బియ్యానికి కాకుండా దేశంలో పండిన బియ్యం మొత్తానికి వర్తింపజేస్తే మద్దతు 86 శాతం అవుతుంది. అమెరికా 2018 మేలో భారత్ మీద ఎదురు నోటిఫికేషన్ (భారత్ పంపిన లెక్క తప్పని చెప్పే పత్రం) వేసినప్పుడు నడిచింది ఈ దారిలోనే. 2010-11 నుంచి 2013-14 వరకు వరికి 74 నుంచి 84 శాతం దాకా మద్దతు ఉందని అందులో వాదించింది. వడ్లు అవే, ధర అదే. పదకొండా, ఎనభై ఆరా అన్నది ఏ కరెన్సీ, ఎంత పరిమాణం అన్న రెండు ఎంపికల మీద తేలుతుంది.

పరిమాణం విషయంలో న్యాయం పూర్తిగా భారత్ వైపు ఉందని చెప్పలేం. కొరియా గొడ్డుమాంసం కేసులో డబ్ల్యూటీఓ అప్పీలు సంస్థ 2000 డిసెంబర్‌లోనే ఒక మాట తేల్చింది. వాస్తవంగా కొన్నది కాదు, ఆ ధరకు అమ్ముకునే అర్హత ఉన్న ఉత్పత్తి ఎంతో అదే లెక్కలోకి వస్తుందని. అర్హతకు హద్దు ప్రకటించకపోతే పంట మొత్తం అర్హమైనదే అని ఎదుటివాళ్లు అంటారు. ఇక్కడ ఒక విడ్డూరం గమనించాలి. 2025-26 సీజన్‌లో పత్తిని ఎకరాకు ఏడు క్వింటాళ్ల దాకే కొంటామని సీసీఐ పెట్టిన నియమం మీద తెలంగాణలో పెద్ద రగడ జరిగింది. చెప్పిన కారణం సగటు దిగుబడి. జెనీవా కోసం పెట్టారని అనడానికి ఆధారం లేదు. అయినా ముందుగా ప్రకటించిన ఇట్లాంటి పరిమితి అక్కడి వాదనలో కేంద్రానికి పనికొస్తుంది. రైతుకు ఇక్కడ నష్టం చేసే నియమమే దేశం తరఫు లాయరుకు అక్కడ ఆయుధమవుతుంది.

కవచం ఎక్కడి నుంచి వచ్చింది

2013 డిసెంబర్‌లో బాలిలో జరిగిన డబ్ల్యూటీఓ మంత్రుల సమావేశంలో పీస్ క్లాజ్ కుదిరింది. ఆహార భద్రత కోసం ధాన్యం నిల్వ చేసే వర్ధమాన దేశం పది శాతం దాటినా దాని మీద కేసు వేయమని మిగతా దేశాలు ఒప్పుకున్నాయి. సంతకం పెట్టింది యూపీఏ ప్రభుత్వం, వాణిజ్య మంత్రి ఆనంద్ శర్మ. శాశ్వత పరిష్కారానికి నాలుగేళ్ల గడువు అనుకున్నారు. నాలుగేళ్ల తర్వాత ఏమిటన్నది మసకగా వదిలేశారు.

2014 జులై 31 నాటికి బాలి మూటలోనే ఉన్న వాణిజ్య సౌలభ్య ఒప్పందాన్ని అన్ని దేశాలూ ఆమోదించాలి. అప్పుడే వచ్చిన ఎన్డీఏ ప్రభుత్వం, నిర్మలా సీతారామన్ వాణిజ్య మంత్రిగా ఉండగా, ధాన్యం నిల్వల సంగతి తేలేదాకా ఒప్పుకోమని అడ్డుపడింది. ఇచ్చిన మాట తప్పారని పాశ్చాత్య పత్రికలు దుమ్మెత్తిపోశాయి. చట్టప్రకారం అది ఉల్లంఘన కాదు. ఏకాభిప్రాయంతో నడిచే సంస్థలో ఒప్పుకోకపోవడం సభ్యుల హక్కు. నవంబర్ చివరికి డబ్ల్యూటీఓ జనరల్ కౌన్సిల్ ఒక నిర్ణయం చేసింది. శాశ్వత పరిష్కారం దొరికేదాకా పీస్ క్లాజ్ కొనసాగుతుందని. నాలుగేళ్ల కవచం గడువు లేని కవచమైంది. దీన్ని సాధించింది మేమంటే మేమని రెండు పక్షాలూ చెప్పుకుంటాయి. రెండింటి మాటలోనూ సగం నిజముంది. బాలి లేకపోతే పొడిగించడానికి ఏమీ ఉండేది కాదు. జులైలో మొండికేయకపోతే 2017 తర్వాత ఏమయ్యేదో చెప్పలేం.

కవచానికి షరతులు ఉన్నాయి, వాటిని దాటితే అది పనిచేయదు. పథకం 2013 డిసెంబర్ నిర్ణయం నాటికే ఉన్నదై ఉండాలి. పంట సంప్రదాయ ప్రధాన ఆహారమై ఉండాలి. హద్దు దాటామని, లేదా దాటబోతున్నామని ముందు తెలియజేయాలి, ఏటా గణాంకాలు పంపాలి. అట్లా సేకరించిన నిల్వలు అంతర్జాతీయ వ్యాపారాన్ని వక్రీకరించకూడదు, ఇతర దేశాల ఆహార భద్రతను దెబ్బతీయకూడదు. గొడవలన్నీ ఈ చివరి షరతు చుట్టూనే తిరుగుతున్నాయి. 2024లో అబుదాబి సమావేశంలో థాయ్‌లాండ్ రాయబారి, భారత్ చవగ్గా సేకరించిన బియ్యంతో ఎగుమతి మార్కెట్లను ఆక్రమిస్తోందని అన్నప్పుడు భారత్ తీవ్రంగా నిరసన తెలిపింది. థాయ్‌లాండ్ ఆ రాయబారిని వెనక్కి పిలిపించుకుంది. శాశ్వత పరిష్కారం మాత్రం అక్కడా కుదరలేదు.

సన్నాల బోనస్ ఎవరి లెక్కలోకి వస్తుంది

తెలంగాణ ప్రభుత్వం 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాకు 500 రూపాయల బోనస్ ప్రకటించింది. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి రేషన్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలుపెట్టారు, మనిషికి ఆరు కిలోల చొప్పున. ఇది రాష్ట్రం సొంత సొమ్ము కాబట్టి అంతర్జాతీయ ఒప్పందంతో పని లేదన్న భావన ఉంది. అది తప్పు. వ్యవసాయ ఒప్పందం మూడో అనుబంధం జాతీయ స్థాయిలో ఇచ్చిన మద్దతుతో పాటు రాష్ట్రాల స్థాయిలో ఇచ్చినదీ కలపాలని స్పష్టంగా చెబుతుంది.

క్వింటా వడ్లకు 500 అంటే టన్ను బియ్యానికి దాదాపు 7,460 రూపాయలు. డాలరు 85 రూపాయలనుకుంటే 88 డాలర్ల దాకా అవుతుంది. 2018-19లో దేశం హద్దు దాటడానికి కారణమైన తేడా 110 డాలర్లని పైన చూశాం. దానితో పోలిస్తే బోనస్ చిన్న మొత్తమేమీ కాదు. దేశం మొత్తం సేకరణలో తెలంగాణ సన్నాల వాటా ఎంతో అంతమేరకే ఇది లెక్కలో కనిపిస్తుంది, నిజమే. కానీ అసలు ప్రశ్న శాతం కాదు. 2013 తర్వాత పుట్టిన బోనస్ పాత పథకంలో భాగమా, కొత్త పథకమా? పాతదైతే పీస్ క్లాజ్ కప్పుతుంది, కొత్తదైతే కప్పదు. మద్దతు ధర ఏటా పెరుగుతూనే ఉంది, బోనస్ కూడా ఆ పెంపులాంటిదేనని భారత్ వాదించవచ్చు. ఆ వాదనకు బలం ఉంది, తీర్పు మాత్రం ఇంతవరకు లేదు.

ఇక్కడే కేంద్రం, రాష్ట్రం మధ్య అసలు పేచీ మొదలవుతుంది. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో విదేశీ ఒప్పందాలు కేంద్ర జాబితాలో 14వ అంశం. వ్యవసాయం రాష్ట్ర జాబితాలో 14వ అంశం. అంకె ఒకటే, అధికారం వేరు. 253వ అధికరణ ప్రకారం ఒప్పందం అమలు కోసం రాష్ట్ర విషయాల మీద కూడా పార్లమెంటు చట్టం చేయగలదు. ఒప్పందం మీద సంతకానికి ముందు పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు, రాష్ట్రాలను అడగాలన్న నియమం అసలే లేదు. అందుకే హామీ ఇచ్చేది ఒకరు, లెక్క రాసి పంపేది మరొకరు, హద్దు దాటితే మాట పడేది ఇంకొకరు. బోనస్ ఇచ్చే రాష్ట్రాల నుంచి కేంద్ర పూల్‌కు అదనపు ధాన్యం తీసుకోబోమని 2014లో కేంద్రం పెట్టిన విధానం కూడా ఈ పేచీలో భాగమే.

2025 మార్చి చివర్లో కాకినాడ రేవు నుంచి 12,500 టన్నుల తెలంగాణ బియ్యం ఫిలిప్పీన్స్‌కు బయలుదేరింది. వెయ్యిన్ని పది రకం. ఓడకు జెండా ఊపింది పౌరసరఫరాల మంత్రి ఉత్తమ్ కుమార్ రెడ్డి. గోదాముల్లో మూలుగుతున్న దొడ్డు బియ్యానికి మార్కెట్ వెతకడం రాష్ట్రానికి అవసరమే, అందులో తప్పు పట్టాల్సింది లేదు. అయితే మద్దతు ధరకు కొన్న ధాన్యం ఎగుమతికి వెళ్తే పీస్ క్లాజ్ చివరి షరతు గుర్తుకు తెచ్చుకోవాలి. థాయ్‌లాండ్, వియత్నాం అడగబోయేది సేకరణ ఖర్చు, మిల్లు ఆడించిన ఖర్చు, నిల్వ, రవాణా అన్నీ కలిపితే ఎంత, అమ్మింది ఎంతకు అని. ఆ మొత్తం ఖర్చు కన్నా తక్కువకు అమ్మితే ఎగుమతి సబ్సిడీ అన్న రెండో ఆరోపణ కూడా తోడవుతుంది. 2015లో డబ్ల్యూటీఓ చేసిన నైరోబీ నిర్ణయం ఎగుమతి సబ్సిడీలను నిషేధించింది. అందుకే ఇట్లాంటి ఒప్పందాలు రాసుకునేటప్పుడు ఖర్చు ధర కాగితాలు మొదటి రోజు నుంచే పెట్టుకోవడం తెలివైన పని.

నిషేధం వేరు, సుంకం వేరు

2023లో మిర్యాలగూడ మిల్లర్లకు తగిలిన దెబ్బ ఎగుమతి వైపు నుంచి వచ్చింది. జులై 20న కేంద్రం బాస్మతియేతర తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేసింది. యాసంగి వడ్లు ఎండకు పగిలి పచ్చిగా ఆడిస్తే నూకలు ఎక్కువవుతాయి కాబట్టి ఇక్కడి మిల్లులు చాలావరకు ఉప్పుడు బియ్యం మీద బతుకుతాయి. సుంకం 2024 సెప్టెంబర్‌లో పది శాతానికి దిగి, అక్టోబర్‌లో పూర్తిగా పోయింది.

ఒకదానికి నిషేధం, మరోదానికి సుంకం ఎందుకు? దేశీయ ధరలు ఒక కారణం. చట్టం సంగతి చూస్తే ఎగుమతి సుంకాన్ని గాట్ (సుంకాలు, వాణిజ్యం మీద సాధారణ ఒప్పందం) నియమాలు నిషేధించవు. పరిమాణం మీద ఆంక్షను పదకొండో అధికరణ నిషేధిస్తుంది. ఆహారానికి తీవ్రమైన కొరత ఉన్నప్పుడు తాత్కాలికంగా విధించవచ్చన్న మినహాయింపు మాత్రం ఉంది. బఫర్‌కు (అత్యవసరానికి ఉంచే నిల్వకు) మించిన ధాన్యం భారత ఆహార సంస్థ గోదాముల్లో ఉండగా కొరత ఎక్కడిదని దిగుమతి దేశాలు అడిగాయి. ఇట్లాంటి ఆంక్ష పెట్టేముందు నోటీసు ఇచ్చే బాధ్యత వర్ధమాన దేశాలకు సాధారణంగా ఉండదు. కానీ ఆ ఆహారాన్ని నికరంగా ఎగుమతి చేసే దేశానికి ఆ సడలింపు వర్తించదు. ప్రపంచంలో అతిపెద్ద బియ్యం ఎగుమతిదారు ఈ సడలింపు అడగలేడు.

శిక్ష వేసే బల్ల ఖాళీ

కేసు పడితే ముందు సంప్రదింపులకు అరవై రోజులు. తర్వాత ముగ్గురు సభ్యుల ప్యానెల్. కాగితం మీద ఆరు నుంచి తొమ్మిది నెలలు, నిజానికి ఏడాది దాటుతుంది. ఓడితే అప్పీలు. అక్కడా ఓడితే సరిదిద్దుకోవడానికి సాధారణంగా పదిహేను నెలల లోపు గడువు. అప్పటికీ దిద్దుకోకపోతే గెలిచిన దేశం ప్రతిసుంకాలు వేసుకోవచ్చు. జరిగిపోయిన నష్టానికి మాత్రం పరిహారం ఉండదు, లెక్క ఆ తర్వాతి కాలానికే. అంటే నాలుగైదేళ్లు ఉల్లంఘించి చివర్లో మానుకున్నవాడు ఏమీ కట్టనక్కర్లేదు.

ఇప్పుడు అప్పీలు మెట్టే విరిగిపోయింది. ఏడుగురు ఉండాల్సిన అప్పీలు సంస్థలో కొత్తవారి నియామకాలను అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబర్‌కు కోరం పోయింది, 2020 నవంబర్‌కు ఒక్కరూ మిగల్లేదు. ఓడిన దేశం ఖాళీ సంస్థకు అప్పీలు వేస్తే తీర్పు అక్కడే నిలిచిపోతుంది. చెరకు ధర, చక్కెర ఎగుమతి సబ్సిడీల మీద బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాల వేసిన కేసులో 2021 డిసెంబర్‌లో భారత్ ఓడింది. ఆ వెంటనే ఈ దారే పట్టింది. ఉక్కు సుంకాల కేసులో ఓడిన అమెరికా కూడా 2023 జనవరిలో ఇదే చేసింది. ఎదుటివాళ్లు ఈ పని చేస్తే నియమాల ధిక్కారం, మనం చేస్తే సార్వభౌమత్వం అనడం రెండు రాజధానుల్లోనూ అలవాటే.

ఉల్లంఘనకు ఖరీదు కట్టించిన కేసులు అరుదు, వాటిలో ఒకటి పత్తిదే. అమెరికా పత్తి సబ్సిడీల మీద బ్రెజిల్ 2002లో కేసు వేసి గెలిచింది. 2009లో ప్రతీకారానికి అనుమతి తెచ్చుకుంది. వస్తువుల మీద సుంకాలతో ఆగకుండా పేటెంట్ల మీద కూడా చెయ్యి వేస్తామనేసరికి అమెరికా దిగివచ్చింది. 2010 నుంచి బ్రెజిల్ పత్తి సంస్థకు ఏటా 14.73 కోట్ల డాలర్లు, 2014లో చివరి పద్దుగా 30 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. తన రైతుకు సబ్సిడీ ఆపకుండా ఎదుటి దేశపు రైతుకు డబ్బు కట్టింది. భారత్ చేతిలో ఇట్లాంటి బలం తక్కువ. 2019 జూన్‌లో బాదం, ఆపిల్, అక్రోట్ సహా 28 అమెరికా వస్తువుల మీద వేసిన ప్రతిసుంకాల్లో ప్రధానమైనవి 2023లో బేరంలో పోయాయి.

బయట నిలబడ్డ పత్తి

పత్తి ఆహారం కాదు. కాబట్టి పీస్ క్లాజ్ దీనికి వర్తించదు. 2018 నవంబర్‌లో అమెరికా వేసిన ఎదురు నోటిఫికేషన్‌లో పత్తికి 53 నుంచి 81 శాతం దాకా మద్దతు ఉందని ఆరోపించింది. అందులో లెక్కించిన సంవత్సరాల్లో చాలావరకు సీసీఐ కొన్నది కొద్దే, కాబట్టి భారత్ సమాధానం చెప్పగలిగింది. 2024-25లో సీసీఐ దేశమంతటా సుమారు కోటి బేళ్లు కొంది, అందులో అన్ని రాష్ట్రాల కన్నా తెలంగాణ వాటాయే ఎక్కువ. అంటే ప్రభుత్వం కొన్నదే లెక్కలోకి తీసుకోవాలన్న భారత్ పాత వాదన పత్తి విషయంలో బలహీనపడుతోంది.

అమెరికా 2025 ఆగస్టు 7న భారత సరుకుల మీద 25 శాతం, రష్యా చమురు పేరుతో ఆగస్టు 27న మరో 25 శాతం వేసినప్పుడు తాను కట్టుబడిన గరిష్ఠ సుంకాలనూ, అందరినీ సమానంగా చూడాలన్న గాట్ మొదటి అధికరణనూ పక్కన పెట్టింది. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోని మందుల కంపెనీలకు ఆ సుంకాల నుంచి మినహాయింపు దొరికింది. బట్టల మిల్లులకు దొరకలేదు. వాటి భారం తగ్గించాలని కేంద్రం ఆగస్టు 19 నుంచి పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని ఎత్తేసింది. మొదట సెప్టెంబర్ 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు.

ఆ 11 శాతం తీసేయమని ఏ అంతర్జాతీయ ఒప్పందమూ చెప్పలేదు. పత్తి మీద భారత్ కట్టుబడిన హద్దు వంద శాతం స్థాయిలో ఉంది. ఒప్పందం విరిచింది అమెరికా, తన హక్కులో ఉన్న సుంకాన్ని వదులుకుంది భారత్. ఆ ఖర్చు పడింది నల్లగొండ, నాగర్‌కర్నూల్ రైతు మీద. మినహాయింపు సాగిన అక్టోబర్, నవంబర్, డిసెంబర్ నెలలే ఇక్కడ మొదటి, రెండో ఏరుడు పత్తి జిన్నింగ్ మిల్లుకు చేరే కాలం. తేమ పన్నెండు శాతం దాటితే సీసీఐ తీసుకోదు, ఆ సీజన్‌లో ఎకరాకు ఏడు క్వింటాళ్లు మించినా తీసుకోబోమంది. మిగిలింది ప్రైవేటు వ్యాపారికే అమ్మాలి. సుంకం లేని విదేశీ దూది రేటు చూసి ధర చెప్పేది ఆ వ్యాపారే. ఆ సుంకం ఎత్తివేతకు జెనీవాతో పని పడలేదు, పార్లమెంటులో ఓటింగూ జరగలేదు. కస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద ఆర్థిక శాఖ ఒక నోటిఫికేషన్ ఇస్తే సరిపోయింది.